ఊపిరితిత్తుల సర్జరీ శిక్షణ: ఇది మన ప్రశ్న కాదా?

(వేటపాలెంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆసు పోసే, కండెలు చుట్టే, జీడిపప్పు బట్టీల పొగలో పనిచేసే స్త్రీలున్న ఊళ్లో పెద్ద డాక్టర్ల పైచదువుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నేను డాక్టర్ని కాను, సామాజిక శాస్త్ర పరిశోధకురాలిని. డాక్టర్లు ఏం నేర్చుకుంటారన్న దాన్నిబట్టే ఎవరి జబ్బు జబ్బుగా లెక్కకొస్తుందో తేలుతుంది. కాబట్టి ఇది మన విషయమే.

గుండెను మినహాయించి ఛాతీలోని ఊపిరితిత్తులు, వాటి పొరలు, అన్నవాహిక, థైమస్ గ్రంథి, ఛాతీ గోడలకు చేసే శస్త్రచికిత్స ఒక ప్రత్యేక విద్య. మన దేశంలో ఎం.ఎస్. తర్వాత మూడేళ్ల ఎం.సిహెచ్.లో గుండె, రక్తనాళాలు, ఛాతీ కలిపి నేర్పుతారు. అందులో సింహభాగం గుండెకే పోతుంది. ఊపిరితిత్తుల సర్జరీ లోతుగా నేర్చుకోవాలంటే ఆపైన ఏడాదో రెండేళ్లో ఫెలోషిప్ చేయాలి. చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే ఆపరేషన్ల మీద చేయి తిరిగేది అక్కడే.

నిజానికి ఈ విద్య పెరిగింది క్షయరోగుల వల్ల. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటిది. 1940ల చివర రీవ్ బెట్స్ వెల్లూరు సి.ఎం.సి.లో ఛాతీ శస్త్రచికిత్స ప్రారంభించాడు. ఆ వైద్య విద్యాలయం 1918లో, మీ సారస్వత నికేతనం పుట్టిన ఏడే, కేవలం స్త్రీల కోసం మొదలైంది. క్షయకు మందులొచ్చాక ఆపరేషన్లు తగ్గాయి. పేరూ డబ్బూ గుండె వైపు వెళ్లాయి. జబ్బు మాత్రం పోలేదు. వైద్యం ఆలస్యమైతే ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టి, పొర గట్టిపడి, ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇంట్లో అందరి తర్వాత ఆసుపత్రికి వెళ్లేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

స్త్రీలకే వచ్చే స్థితి ఒకటుంది. నెలసరి మొదలైన మూడు రోజుల్లోపు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, అది కుంగిపోతుంది. ఎక్కువగా కుడివైపే. గర్భాశయ లోపొర వంటి కణజాలం డయాఫ్రమ్ మీద పెరగడం ఒక కారణం. 1958లోనే వైద్యులు దీన్ని నమోదు చేశారు. "నెలసరి ఎప్పుడొచ్చింది?" అని అడగని డాక్టరు ట్యూబు వేసి, గాలి తీసి ఇంటికి పంపుతాడు. జబ్బు మళ్లీ వస్తుంది. శిక్షణ ఉన్న సర్జను డయాఫ్రమ్‌ను వెతికి చూస్తుంది. ఆ ఒక్క ప్రశ్న అడగడం కూడా శిక్షణలో భాగమే.

మయస్తీనియా సంగతీ అంతే. కనురెప్పలు వాలిపోయి, కండరాలు అలసిపోయే ఈ జబ్బు చిన్న వయసులో స్త్రీలకే ఎక్కువ వస్తుంది. ఇంట్లో దాన్ని బద్ధకం అంటారు. తగిన రోగులకు థైమస్ తీసేస్తే మేలు జరుగుతుందని 2016లో ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపింది.

మరి ఈ శిక్షణ ఎవరికి అందుతోంది? పద్దెనిమిదేళ్లకు ఎం.బి.బి.ఎస్.లో చేరిన అమ్మాయి ఒక్క ఏడాది కూడా పోకుండా చదివినా, ఫెలోషిప్ పూర్తయ్యేసరికి ముప్పై దాటుతుంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే పెళ్లి, పిల్లలు అంటూ ఇంటి ఒత్తిడి. అమెరికాలో థొరాసిక్ సర్జరీ బోర్డు గుర్తింపు పొందిన తొలి స్త్రీ నీనా బ్రాన్‌వాల్డ్, అదీ 1961లో. రెసిడెంటు డాక్టర్ల డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు మించరాదని మన కేంద్రం 1992లోనే చెప్పింది. 2017లో చట్టం ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. కానీ ఏడాది ఫెలోషిప్‌లో ఆరు నెలలు సెలవు పెడితే మిగిలిన శిక్షణ ఏమవుతుంది? దానికి సమాధానం సంస్థ దయాదాక్షిణ్యాల మీద ఉండకూడదు.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. సెలవు తర్వాత ఆగినచోటి నుంచి శిక్షణ కొనసాగే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. ట్రైనీ తన చేత్తో ఎన్ని ఆపరేషన్లు చేసిందో నమోదు చేయాలి. పక్కన నిలబడి చూసినవి ఆ లెక్కలోకి రాకూడదు. ఫెలోలు కూడా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీకి వెళ్లగలగాలి. శిక్షణ పొందినవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోస్టులుండాలి. లేకపోతే ఈ విద్య నగరంలో కార్పొరేట్ ఆసుపత్రి దాటి రాదు. పత్తి దూది, మిరప ఘాటు, బట్టీ పొగ పీల్చే మన స్త్రీల దాకా చేరదు.

ఇకనుంచి ఆరోగ్య శిబిరాల్లో దగ్గు, ఆయాసం గురించి అడిగినప్పుడు నెలసరి గురించీ, పని గురించీ అడిగి రాసుకోండి. రేపు మనం ఆసుపత్రి ముందు పెట్టే డిమాండుకు ఆ కాగితాలే బలం.