ముద్ద దిగకపోతే గ్యాస్ అనుకోకండి
(ఆలయ ఆరోగ్య అవగాహన దినం నాడు చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టర్ని కాదు, మన ఆలయ వెబ్‌సైట్ చూసుకునే వాలంటీర్‌ని. మా నాన్నగారి అనుభవం చెప్పమని కమిటీ పెద్దలు అడిగారు. ఆయన సరేనన్నాకే మీ ముందు నిలబడ్డాను.

రెండేళ్ల క్రితం ఇక్కడ అన్నదానంలో నాన్నగారు పులిహోర వద్దని దద్దోజనం మాత్రమే పెట్టించుకునేవారు. వయసు మీద పడింది, అరగదేమో అనుకున్నాం. నిజానికి ముద్ద ఛాతీ దగ్గర ఆగిపోతోంది. గ్యాసేనని మూడు నెలలు యాంటాసిడ్ మాత్రలతో నెట్టుకొచ్చారు. ప్యాంట్లు వదులవుతున్నాయని అమ్మ గమనించింది. ఎండోస్కోపీ, బయాప్సీ చేస్తే అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట క్యాన్సర్ అని తేలింది.

"వెంటనే ఆపరేషన్ చేసేయండి" అన్నాను. సర్జన్ గారు ఆగమన్నారు. గడ్డ ఎంత లోతుకు వెళ్లింది, కాలేయానికో మరో చోటికో పాకిందా అన్నది ముందు స్కాన్‌లలో చూడాలట. మరీ తొలిదశ అయితే ఎండోస్కోపీతోనే తీసేయొచ్చు. దూరంగా పాకితే సాధారణంగా ఆపరేషన్ చేయరు, మందులతో అదుపు చేస్తారు. నాన్నగారిది మధ్య దశ.

ఆయనకిచ్చిన కీమో పేరు ఫ్లాట్. నాలుగు మందులు కలిపి రెండు వారాలకోసారి ఇస్తారు. ఆపరేషన్‌కి ముందు 4 సార్లు, తర్వాత 4 సార్లు. జర్మనీలో జరిగిన ఎసోపెక్ అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. ముందు కీమో, రేడియేషన్ కలిపి తీసుకున్నవారి మధ్యస్థ ఆయుర్దాయం 37 నెలలైతే, ఫ్లాట్ తీసుకున్నవారిది 66 నెలలు. బయాప్సీ ముక్కకి హెర్-2, పీడీ-ఎల్1, ఎంఎస్ఐ పరీక్షలు చేశారా అని కూడా అడగండి. కొన్ని మందులు వాటిని బట్టే ఇస్తారు.

ఆపరేషన్‌లో అన్నవాహిక కింది భాగం, జీర్ణాశయం పైభాగం తీసేసి, మిగిలిన జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి పైకి లాగి కలిపారు. ఇలాంటివి తరచూ చేసే ఆసుపత్రినే ఎంచుకోండి. ఇప్పుడాయన రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా తింటారు. తినగానే పడుకోరు. మంచానికి తలవైపు ఎత్తు పెట్టుకుంటారు.

"ఎవరికీ చెప్పకురా" అన్నారు మొదట్లో. అందుకే మొదటి కీమోలకి అమ్మ ఒక్కతే తోడు కూర్చుంది. తర్వాత మన గుడి ఆంటీ ఒకరు అడగడంతో అమ్మ ఆపుకోలేక చెప్పేసింది. ఆ మర్నాటి నుంచి మా ఇంటికి చారు, మెత్తటి అన్నం వచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కార్లూ వచ్చాయి. దాచి మేం పోగొట్టుకున్నది ఆ తోడే.

ఏళ్ల తరబడి గుండెల్లో మంట ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, బరువెక్కువ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ముద్ద ఆగుతుంటే ఈ రాత్రే ఇంట్లో చెప్పండి, సోమవారం పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నాన్నగారు ముందు వరుసలోనే ఉన్నారు. స్కాన్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఈరోజు ఆయనకి పులిహోర వడ్డించండి, రెండు చెంచాలే సుమా!