ఆడపిల్ల ఏడ్పు, మగపిల్లవాడి ఏడ్పు

మాఘము మొదలు చైత్రము దాకా గుంటూరు మిరపయార్డులో అడుగుపెట్టిన వారికి ఒక సంగతి అనుభవమే. అక్కడ కండ్లలో నీరు తిరుగని మనిషి ఉండడు. టిక్కీలు మోసే హమాలీ, ధర కోసము కాచుకొని కూర్చున్న రైతు, కమీషను వ్యాపారి, అందరూ కండ్లు తుడుచుకొనేవారే. నలుగురిలో మగవాడు కన్నీరు పెట్టుకొనికూడా తలవంపులు లేకుండా తిరుగగల చోటు మన సీమలో అదొక్కటే కాబోలు!

ఇంటివద్ద అట్లా సాగదు. మూడేండ్ల కుర్రవాడు మోకాలు గీరుకొని ఏడ్చినాడా, "ఛీ, ఆడపిల్లవా?" అంటాము. అదే ఈడు ఆడపిల్ల కోపము వచ్చి కేక పెట్టిందా, "ఏమిటే ఆ మగరాయుడి గొంతు?" అంటాము. ఒకరికి దుఃఖము కూడదన్నాము. ఇంకొకరికి కోపము కూడదన్నాము.

అమెరికాలో జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే పరిశోధకులు 1976లో ఒక చక్కని పరీక్షను ప్రకటించినారు. తొమ్మిది నెలల శిశువు ఎదుట, మూత తెరుచుకొని బొమ్మ ఎగిరిపడే పెట్టెను ఉంచినారు. శిశువు ఉలికిపడి ఏడ్చింది. ఆ దృశ్యమును చిత్రము తీసి పెద్దవారికి చూపినారు. కొందరితో అది మగపిల్లవాడని, కొందరితో ఆడపిల్ల అని చెప్పినారు. చిత్రము ఒక్కటే, ఏడ్పు ఒక్కటే. మగపిల్లవాడనుకొన్నవారికి ఆ ఏడ్పులో ఎక్కువగా కోపము కనిపించినది. ఆడపిల్ల అనుకొన్నవారికి భయము కనిపించినది. బిడ్డ భావానికి పేరు పెట్టినది చూచేవారన్నమాట!

పుట్టుకతో వచ్చే భేదాలు లేనే లేవని మేమనడము లేదు. అయితే రెండు మూడేండ్లకే "నేను మగ", "నేను ఆడ" అనడము బిడ్డకు వచ్చేస్తుంది. అటుపైన ఆ మాటకు తగిన నడవడి కోసము చుట్టూ చూస్తాడు. మన నల్లరేగడి చేలలో వాడికి కనిపించేదేమిటి? వంగి పత్తి తీసేది, మిరపకాయలు కోసేది అమ్మ. సరకు యార్డుకు తోలి డబ్బు లెక్కపెట్టుకొనేది నాన్న. రైతు అంటే నాన్న అని వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చివేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాలలో రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. 2015లో పొగాకు ధర పడిపోయినప్పుడు ప్రకాశంలో మళ్లీ అదే జరిగినది. అసలు కారణాలు అప్పు, పురుగు, ధర. మనస్తత్వశాస్త్రము వడ్డీ కట్టలేదు. కాని అప్పు మొత్తము ఎంతో భర్త పోయిన తరువాతగాని భార్యకు తెలియని ఇండ్లున్నవి. ఆమె ఆ చేలోనే పత్తి తీసిన మనిషి!

అతనికి ప్రేమ లేదందామా? యార్డునుండి వస్తూ మిఠాయి పొట్లము తెచ్చినవాడు అతడే గదా. "నాకు భయముగా ఉన్నది" అనే మాట మాత్రము అతనికి చిన్ననాడే నోట రాకుండా చేసినాము. రాత్రి భోజనాలైన తరువాత అతడు అప్పుల చిట్టా భార్య ముందు విప్పి ఉన్న సంగతి చెప్పుకొన్ననాడు, ఆ మూడేండ్ల కుర్రవాడు ప్రక్కనే పడుకొని వింటూనే ఉంటాడు.