న్యాయ కళాశాలకు దరఖాస్తు: ముందు కాగితాలు, తరువాత పుస్తకాలు

(కోటబొమ్మాళిలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊరిలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉన్నది. నేను ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా కాగితాల మధ్య బ్రతికినవాణ్ణి. అందుచేత కోర్టు వరండాలో నిలబడినవారి ముఖాల కంటె ముందు వారి చేతులలోని కాగితాల వైపే నా చూపు పోతుంది. నోటీసులో ఏమున్నదో తెలియక దానిని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్న మనవాళ్లను ఎందరినో చూశాను. మనలోనుండి వకీళ్లు రావాలన్న కోరిక నాకు అక్కడే పుట్టినది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆమె అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. తండ్రిది సైకిళ్లు బాగుచేసే దుకాణం. రెండేళ్ల క్రితం ఆమె లాసెట్ వ్రాసి మంచి ర్యాంకు తెచ్చుకున్నది. పదవ తరగతి మార్కుల జాబితాలో ఆమె పేరుకు ముందు ‘షేక్’ ఉన్నది. ఆధార్‌లో ‘షేక్’ లేదు, చివర ‘బేగం’ ఉన్నది. తండ్రి పేరు ఒకచోట ‘మహమ్మద్’, మరొకచోట ‘ఎం.డి.’. బి.సి.–ఇ ధ్రువపత్రం కోసం పెట్టుకున్న అర్జీ ఒక కార్యాలయంలో ఈ తేడాల దగ్గరే ఆగిపోయినది. కౌన్సెలింగు తేదీ ఆగలేదు. ఓ.సి. కింద దూరపు కళాశాలలో సీటు వచ్చింది గాని ఆ ఖర్చు ఆ తండ్రి భరించలేకపోయాడు. ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ ఈ ఏడు మళ్లీ వ్రాస్తున్నది. తెలివిలో ఆమెకు లోటేమీ లేదు. లోటు కాగితంలో ఉన్నది. నాబోటివాడు ముందే ఒకసారి చూసి ఉంటే ఆ లోటు బయటపడేది.

అమెరికాలో న్యాయ విద్యకు వెళ్లేవారు తమను గురించి ఒక వ్యాసం వ్రాస్తారు, గురువుల సిఫారసు లేఖలు జతచేస్తారు. ఇక్కడ ప్రభుత్వ సీటుకు అవేవీ అడగరు. ఇక్కడ బలమైన దరఖాస్తు అంటే పరీక్షలో మార్కు, ఒకదానితో ఒకటి పొసగే ధ్రువపత్రాలు, ఈ రెండే.

పేర్లతో మొదలుపెట్టండి. పదవ తరగతి జాబితాయే అన్నిటికీ మూలం. దానిని మార్పించడం కష్టం, ఆధార్‌ను సరిచేయించడం కొంత తేలిక. కనుక మిగిలిన కాగితాలను దానికి అనుగుణంగా మార్పించండి. ‘షేక్’ ఆంగ్లంలో ఎన్ని రకాలుగా వ్రాస్తారో మీకు తెలుసు. ఏదో ఒక్క రకాన్నే అన్నిటా ఉంచండి.

కులధ్రువపత్రం విషయం కొంత చిక్కైనది. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషను వచ్చినది. హైకోర్టు దానిని కొట్టివేయగా 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు ఇందులో లేరు. వారు ఆర్థికంగా వెనుకబడినవారికిచ్చే ఇ.డబ్ల్యు.ఎస్. పత్రానికి అర్హత చూసుకోవాలి. దానికి కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలకు లోపు ఉండాలి, ఏ ఏటికి ఆ ఏడు కొత్తగా తీసుకోవాలి. దూదేకులవారు బి.సి.–బి. మరొక మాట. రాష్ట్ర జాబితా, కేంద్ర ఓ.బి.సి. జాబితా ఒకటి కావు. బి.సి.–ఇ పత్రం ఉన్నదని కేంద్ర దరఖాస్తులో ఓ.బి.సి. గడిలో గుర్తు పెట్టి తరువాత చిక్కుల్లో పడకండి.

వ్యాపారం కోసం పర్లాకిమిడికో బరంపురానికో వెళ్లి పిల్లలను అక్కడే చదివించిన కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ పిల్లలకు స్థానికత సమస్య వస్తుంది. తల్లి గాని తండ్రి గాని మన రాష్ట్రంలో పదేళ్లు నివసించినట్లు తహసీల్దారు ధ్రువీకరిస్తే అన్‌రిజర్వుడు సీట్లకు పోటీపడవచ్చును. స్టడీ సర్టిఫికెట్లు బడి మానిన నాడే తెచ్చుకొని భద్రపరచండి.

మదర్సాలో చదివిన పిల్లల తల్లిదండ్రులు ఇది శ్రద్ధగా వినండి. పదవ తరగతి ఉత్తీర్ణులై ఓపెన్ స్కూలులో ఇంటర్ చేస్తే ఇబ్బంది లేదు. కాని ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష వ్రాసి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో నేరుగా డిగ్రీ పొందినవారిని బార్ కౌన్సిల్ నిబంధనలు న్యాయ విద్యకు అనుమతించవు. డిగ్రీ చేతికొచ్చాక ఈ సంగతి తెలిసి ఏడ్చినవారున్నారు.

ఇక పరీక్ష. ఇంటర్ తరువాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తరువాత మూడేళ్ల కోర్సు. రెండింటికీ మన రాష్ట్రంలో లాసెట్ ఉన్నది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లే. తప్పుకు మార్కు కోయరు కనుక ఏ ప్రశ్ననూ వదలరాదు. అర్హతకు 35 శాతం, అనగా 42 మార్కులు. సగం ప్రశ్నలు, అనగా 60, న్యాయ విద్యాభిరుచి మీదనే ఉంటాయి. వాటికి రాజ్యాంగం తెలుగు ప్రతిని దగ్గర పెట్టుకొని ప్రాథమిక హక్కుల భాగాన్ని నెమ్మదిగా చదవండి. రోజూ ఒక దినపత్రిక చదవండి. గైడు పుస్తకాల మీద నాకు అంత గురి లేదు. గరిష్ఠ వయోపరిమితి లేదు కనుక ఇంటి బాధ్యతలతో చదువు ఆపిన తల్లులు కూడా వ్రాయవచ్చును.

సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని నల్సార్ వంటివాటికి క్లాట్ వ్రాయాలి. అందులోనూ 120 ప్రశ్నలే, రెండు గంటలు. తప్పుకు పావు మార్కు పోతుంది. పరీక్ష ఆంగ్లంలోనే. పొడవైన పేరాలు చదివి జవాబివ్వాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇంటర్ మొదటి ఏడునుండే ఆంగ్ల పత్రికల సంపాదకీయాలు చదవడం అలవాటు చేసుకోవాలి.

ఆడపిల్లకు కోర్టు పని ఎందుకని ఇందాక ఒక పెద్దాయన నన్ను చాటుగా అడిగారు. కేరళలోని పత్తనంతిట్టలో పుట్టిన ఫాతిమా బీవీ గారు 1950లో వకీలుగా నమోదై, మున్సిఫ్‌గా పనిచేసి, 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆమెను ఆమె తండ్రే న్యాయ విద్యకు ప్రోత్సహించారు. ఆ పెద్దాయనకు నా జవాబు ఇదే.

వచ్చే ఆదివారం అస్ర్ నమాజు తరువాత నేను ఇక్కడే కూర్చుంటాను. పదవ తరగతి జాబితా, ఆధార్, తండ్రి ఆధార్, స్టడీ సర్టిఫికెట్లు తీసుకురండి. అసలు ప్రతులు నాకు ఇవ్వవద్దు, జిరాక్సు చాలును. ఏ అక్షరం ఎక్కడ తేడాగా ఉన్నదో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఇస్తాను. సచివాలయంలో పెట్టే అర్జీని అక్కడే కూర్చొని వ్రాసుకుందాము.