ధాన్యము నారబెట్టు నూనె బర్నరునకు స్థలము సిద్ధపరచుట
(రైతుల సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఆబి వరి కోతకు వచ్చు కార్తీకమాసమునందు తుపాను వానలును, తాబి వరి కల్లమునకు చేరు చైత్రవైశాఖములందు అకాలవర్షములును కురియుట తెలంగాణా రైతులకు క్రొత్త గాదు. కోతయంత్రముతో కోసిన వడ్లలో నూటికి 20 మొదలు 25 పాళ్లవరకు తేమ యుండును. కొనుగోలు కేంద్రములందు 17 పాళ్లకు మించిన తేమ యుండరాదని నిబంధన. గరిసెలో నిలువ చేయుటకు 14 పాళ్లు మించరాదు. ఎండ లేని దినములలో వడ్లకుప్ప వేడెక్కి, రంగు మారి, మొలకెత్తును. ఈ నష్టమును తప్పించుకొనుటకై డీజిలు బర్నరుతో పనిచేయు డ్రయ్యరును కొందరు రైతులు తెచ్చుకొనుట కలదు. యంత్రము మంచిదే. కాని దానివలన కలుగు క్షేమమైనను ప్రమాదమైనను సగము దాని నుంచిన స్థలముమీద ఆధారపడియున్నది. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె, యంత్రము రాకమునుపే స్థలమును సిద్ధపరచుట వివేకము.

ముందుగా బర్నరు పనిచేయు విధము తెలిసికొనవలయును. ఒక చిన్న పంపు నూనెను సన్నని రంధ్రముగుండ తుంపరగా చిమ్మును. పంఖా దానికి గాలి నందించును. విద్యుత్తు నిప్పురవ్వ దానిని అంటించును. మంట ఇనుప కొలిమిలోపల మండును. ఆ ఇనుముయొక్క వెలుపలిభాగము సోకి వేడెక్కిన శుభ్రమైన గాలి గింజలలోనికి పోవును. పొగ గొట్టముగుండ మీదికి పోవును. కావున దారులు మూడు: నూనె వచ్చు దారి, గాలి వచ్చు దారి, పొగ పోవు దారి. ఈ మూడును ఒకదానితో నొకటి కలియకుండ నేర్పరచుటయే స్థలమును సిద్ధపరచుట.

మొదట నేల. వాననీరు నిలువని మెరకచోటు నెన్నుకొని, చుట్టునున్న నేలకంటె జానెడెత్తుగా సిమెంటు గచ్చు వేయింపవలెను. మట్టినేలమీదగాని చెక్కలమీదగాని టార్పాలినుమీదగాని బర్నరును పెట్టరాదు. గడ్డివాము, పశువులకొట్టము, నివసించు ఇల్లు, వీనికి 50 అడుగులకు తక్కువ కాకుండ దూరముంచుట మేలు. కోతకాలమునందు గాలి ఏ దిక్కునుండి వీచునో చూచి, పొగగొట్టపు రవ్వలు గడ్డివామువైపు పోని ప్రక్కను స్థలము నిర్ణయింపవలెను. యంత్రమునకు నాలుగు ప్రక్కల మనుష్యుడు తిరుగునంత చోటు విడువవలెను. అచ్చట చేరు తాలును, ఊకను, దుమ్మును దినదినము ఊడ్పింపవలెను.

రెండవది గాలి. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు సుమారు 10 ఘనమీటర్ల గాలి కావలయును. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు గల గదిలో నుండు గాలి సుమారు 28 ఘనమీటర్లు మాత్రమే. గంటకు 10 లీటర్లు కాల్చు బర్నరునకు ఆ గాలి 20 నిమిషములైనను చాలదు. గాలి చాలనిచో మంట ఎఱ్ఱబడి, మసి పట్టి, కార్బను మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మరియు డ్రయ్యరు పంఖా మిక్కిలి బలముగా గాలిని పీల్చును గాన, మూసిన షెడ్డులో అది గొట్టముగుండ పోవలసిన పొగను సయితము వెనుకకు లాగును. కావున షెడ్డునకు ఎదురెదురుగా రెండు ప్రక్కల గోడ లేకుండుట మంచిది.

మూడవది పొగ. గొట్టము కప్పుకంటె మూడడుగులైనను మీదికి లేచియుండవలెను. దాని కొనకు వానటోపీ పెట్టవలెను. గడ్డికప్పుగుండగాని తాటియాకులగుండగాని దానిని పోనీయరాదు. పొగను గింజలకు సోకనిచ్చినచో ప్రయోజనమే చెడును. ఏలయన ఒక లీటరు డీజిలు కాలినపుడు ఇంచుమించుగా ఒక లీటరు నీరు ఆవిరియై వెలువడును. గింజలకు డీజిలు వాసనయు పట్టును.

నాలుగవది నూనె నిలువ. డీజిలునకు 35 డిగ్రీల కంటె తక్కువ వేడిమిలో అంటుకొను ఆవిరి పుట్టరాదని ప్రమాణము. వైశాఖమాసపు ఎండ 40 డిగ్రీలు దాటునని రైతు లెఱుగుదురు. కావున పీపాను నీడయందు, బర్నరునకు దూరముగా నుంచి, కారిన నూనె పారిపోకుండ దానిచుట్టు ఇటుకకట్ట కట్టింపవలెను. పీపాయొద్ద నొక వాల్వు, బయటినుండి చేయి అందునట్లు, ఉండవలెను. 1934 నాటి పెట్రోలియము చట్టము ననుసరించి ఒకచోట 'బి' తరగతి నూనె మొత్తము 2500 లీటర్లకును, ఒక్కొక్క పాత్రలో 1000 లీటర్లకును మించనిచో లైసెన్సు అక్కరలేదు. డీజిలులో పెట్రోలు కలుపుట ప్రాణాపాయము. కాలుచున్న నూనెపై నీరు పోయరాదు. ఇసుకబకెట్లును, పొడితో నిండిన అగ్నిమాపక సాధనమును వాకిటియొద్దనే యుండవలెను.

అయిదవది విద్యుత్తు. ఎర్తు తీగ తప్పక వేయింపవలెను. ప్రధానమైన స్విచ్చి షెడ్డు వెలుపల నుండవలెను. లోపల మంట రేగినపుడు దానిని దాటి స్విచ్చియొద్దకు పోవుట ఎవరికిని సాధ్యము గాదు. ఒకసారి మంట అంటనిచో మరల మరల మీట నొక్కరాదు. అంటని నూనె కొలిమిలో చేరి, ఆవిరియై, ఒక్కసారిగా ప్రేలును.

ఇక ముఖ్యమైన మాట. రాత్రివేళ యంత్రముయొద్ద కాపలా యుండువాడు తఱచుగా భూమిగల రైతు గాడు, జీతగాడు. అర్ధరాత్రి వాన వచ్చును. ధాన్యము తడియునను తొందరలో వాడు నలుప్రక్కల టార్పాలినులు దింపి, చలికి బర్నరు ప్రక్కనే పండుకొనును. గాలిదారి మూసినవాడు యజమానుని ధాన్యము కాపాడుటకే మూసెను. కాని ప్రాణము పోవునది వానిది. కావున కాపలావానికి పండుకొనుటకు వేఱుగా, దూరముగా, ఒక పాక వేయించుటయు, వానజల్లు లోపలికి రాకుండ కప్పును చూరువైపు పొడిగించుటయు యజమానుని ధర్మము. తలనొప్పి, వాంతి, మత్తు తోచినవానిని వెంటనే బయటిగాలికి తెచ్చి 108నకు ఫోను చేయవలెను.

మిస్త్రీ వచ్చుటకు ముందుదినము రైతు స్వయముగా ఆ స్థలమున నిలిచి తన్ను తానే ప్రశ్నించుకొనవలెను: వాననీరు ఎటు పోవును? గాలి ఎటునుండి వచ్చును? పొగ ఎటు పోవును? నూనె కారిన ఎక్కడ ఆగును? కాపలావాడు ఎక్కడ పండుకొనును? ఈ అయిదింటికిని తిన్నని సమాధానము దొరకిన పిమ్మటనే యంత్రమును దింపింపవలెను. చెడిన ధాన్యమును మరుసటి పంటలో మరల పండించుకొనవచ్చును; పోయిన ప్రాణమును తెచ్చుకొనజాలము.