పసుపు సరే, ఎన్ని గ్రాములు?

ఫార్మసీ చదివినవారి ముందు మొక్కల మందుల గొప్ప చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలికే. ఈ పూట మాత్రం వాటి లెక్క మాట్లాడాలి.

అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడుతుంది. రక్తం, జిగురుతో విరేచనాలవుతాయి. తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది కాబట్టి మెసలమైన్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి మింగాలి. విసుగెత్తిన పేషెంటు పసుపు వైపు చూడడంలో వింతేమీ లేదు. పైగా ఆ ఆశకు కొంత ఆధారమూ ఉంది.

2006లో జపాన్ వైద్యులు, జబ్బు అదుపులో ఉన్నవారికి పసుపులోని కర్క్యుమిన్‌ను రోజుకు 2 గ్రాముల చొప్పున ఆరు నెలలు ఇచ్చి చూశారు. అది వాడిన 43 మందిలో ఇద్దరికి, ఉత్తుత్తి మాత్ర వాడిన 39 మందిలో ఎనిమిది మందికి జబ్బు తిరగబెట్టింది. రెండు గుంపులవారూ మామూలు మందులు ఆపలేదు. వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో ఎగిరిపోయే వాక్యం సరిగ్గా ఇదే.

2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, జబ్బు చురుగ్గా ఉన్నవారికి రోజుకు 450 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే ఫలితం కనబడలేదు. పసుపులో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు పాళ్లు. దుగ్గిరాల పసుపు యార్డులో కొన్న మామూలు కొమ్ములతో జపాన్ మోతాదు అందాలంటే రోజూ 60, 70 గ్రాముల పొడి మింగాలి. పాలలో కలిపే చెంచాడు పసుపులో వంద మిల్లీగ్రాములు ఉండడమే గగనం.

ఇదే జబ్బుకు వాడి చూసిన నేలవేముదీ తిరకాసు కథే. 2013లో అచ్చయిన పరీక్షలో దాని సారం 1800 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 60 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 40 శాతం మందికి గుణం కనిపించింది. పెద్ద ఎత్తున మూడో దశ మొదలెడితే, లాభం లేదని 2014లో మధ్యలోనే ఆపేశారు.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది నీలిమందు. ఒకప్పుడు కడప ప్రాంతంలో రంగు కోసం పండించిన నీలికి చుట్టమైన చైనా మందు 'చింగ్ డాయ్'ని జపాన్‌లో 86 మందిపై పరీక్షించారు. రోజుకు 2 గ్రాములు వాడినవారిలో 81 శాతం మందికి మేలు జరిగింది, ఉత్తుత్తి మాత్రతో 13.6 శాతానికే. ఇంత మంచి ఫలితం వస్తున్నా పరీక్షను ముందే ముగించాల్సి వచ్చింది. కారణం, దాన్ని సొంతంగా కొనుక్కుని ఆరు నెలలు వాడిన వేరే పేషెంటుకు ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగింది. 2016 డిసెంబరులో జపాన్ ఆరోగ్యశాఖ హెచ్చరిక జారీ చేసింది. ఆకు మందుకు సైడ్ ఎఫెక్టులుండవనే మాట ఇక్కడ చెల్లదు.

ఇలాంటి మందుల్లోని మేలునూ కీడునూ విడదీయడం లేబొరేటరీకి వెళ్లేవారి పని. కౌంటరు వెనక నిలబడేవారికి ఇంకో పనుంది: ఏ సారం, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నాళ్ల నుంచి, అసలు మందు ఆపేశారా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడిగి, ఆ జవాబులు చీటీ మీద రాసి డాక్టరుకు చేర్చడం.