పసివాడి చేతికి లొంగని మూత

(సంస్థ వార్షికోత్సవ సభలో ఉచిత వైద్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో వైద్య విభాగం తరఫున మేము చెప్పేవి లెక్కలే. ఎన్ని శిబిరాలు నడిపాం, ఎంతమందికి కళ్లజోళ్లు ఇచ్చాం, మందుల పద్దు కింద ఎంత ఖర్చయింది అని చెప్పి కూర్చుంటాం. ఆ వివరాలు ఎలాగూ నివేదికలో ఉన్నాయి. ఈసారి మాకిచ్చిన సమయాన్ని ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడటానికి వాడుకుంటాం. అది మందు డబ్బా మూత. ఇంత పెద్ద సభలో మూత మీద ప్రసంగమా అని మీకు అనిపించవచ్చు. ఎందుకో ముందు చెబుతాం.

మన ఉచిత దవాఖానాలో షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు నెలకు సరిపడా మాత్రలు ఇస్తాం. పెద్ద డబ్బాల్లోంచి మాత్రలు లెక్కపెట్టి, చిన్న కాగితం కవర్లలో పోసి, పైన సంస్థ ముద్ర వేసి, "పొద్దున 1" అని రాసివ్వడం మొదటి నుంచీ మా పద్ధతి. అలా ఒక దాదీకి షుగరు మాత్రలు ఇచ్చాం. ఆమె ఆ కవరును తలగడ కింద పెట్టుకున్నారు. రెండున్నరేళ్ల మనవడు మధ్యాహ్నం దాన్ని లాగి, చించి, లేత గులాబీ రంగు మాత్రలను పిప్పరమెంట్లు అనుకుని నమిలాడు. ఎన్ని తిన్నాడో ఎవరికీ తెలియదు. పిల్లాడు చాలాసేపు ఆడుకుంటూనే ఉన్నాడు కాబట్టి ఇంట్లోవాళ్లు ఏం కాలేదులే అనుకున్నారు. సాయంత్రానికి ఒళ్లంతా చెమటలు పట్టి, పిలిస్తే పలక్కుండా మగతలోకి వెళ్లిపోయాడు.

ఆస్పత్రిలో డాక్టరుగారు మొదట అడిగింది ఒకటే: ఏ మాత్ర? తండ్రి కవరు చూపించాడు. దాని మీద మందు పేరు లేదు. ఉన్న పేరల్లా మన సంస్థదే. మాకు ఫోను చేసి, మందు పేరు కనుక్కుని, గ్లూకోజు ఎక్కిస్తూ రెండు రాత్రులు కనిపెట్టుకుని ఉన్నారు. అల్లాహ్ దయవల్ల పిల్లాడు క్షేమంగా ఇల్లు చేరాడు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రలు చిన్నపిల్లలకు ఒక్కటైనా ప్రమాదమేనని, వాటి ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చని ఆ రోజు ఆ కుటుంబంతో పాటు మాకూ గట్టిగా తెలిసివచ్చింది.

తర్వాత బస్తీలో అందరూ అన్న మాట, తల్లి చూసుకోవద్దా అని. నిజం చెప్పాలంటే మొదట మేమూ అదే అన్నాం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఆ తల్లి ఆ సమయంలో వంటింట్లో ఉంది. రెండు గదుల ఇంట్లో ఏడుగురు మనుషులు. చించితే చిరిగిపోయే కవరులో నెల రోజుల మందు పోసి ఇచ్చింది మేము. తప్పులో మొదటి వాటా మాదేనని ఒప్పుకోవడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాం.

ఈ ప్రశ్నను మనకంటే ముందే గట్టిగా వేసుకున్న ఒక డాక్టరు ఉన్నారు. ఆయన పేరు హెన్రీ బ్రో. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో విండ్సర్ అనే ఊళ్లో, హోటల్ డ్యూ అనే ఆస్పత్రిలో పిల్లల వైద్యులు. హోటల్ అని పేరున్నా అది ఆస్పత్రే. అక్కడి విష చికిత్సా కేంద్రాన్ని కూడా ఆయనే నడిపారు. ఆ రోజుల్లో ఆస్పిరిన్ మాత్రలు మామూలు మూతల సీసాల్లో వచ్చేవి. పిల్లలు ఇష్టంగా మింగాలని తీపి, నారింజ రుచి కలిపిన ఆస్పిరిన్ కూడా దొరికేది. పిల్లలు వాటిని మిఠాయిలా తినేసేవారు. డాక్టరుగారు తల్లిదండ్రులకు చెప్పి చూశారు. మందులు పైన పెట్టండి, తాళం వేయండి అని ప్రచారం చేశారు. అయినా రాత్రిపూట ఆస్పత్రికి పిల్లలు వస్తూనే ఉన్నారు. చెప్పడం ఒక్కటే చాలదని, సీసానే మార్చాలని ఆయనకు అర్థమైంది.

అదే ఊళ్లో అచ్చులు తయారుచేసే కంపెనీ నడిపే పీటర్ హెడ్జ్‌విక్ అనే ఆయన 1967లో ఒక మూత రూపొందించారు. అరచేత్తో నొక్కి తిప్పాలి కాబట్టి దానికి పామ్ ఎన్ టర్న్ అని పేరు పెట్టారు. అది వాడుకలోకి వచ్చాక విండ్సర్ ప్రాంతంలో పిల్లలు మందులు మింగే ప్రమాదాలు 91 శాతం తగ్గాయని నమోదైంది. తల్లులు వాళ్లే, పిల్లలు వాళ్లే, ఇళ్లూ అవే. మారింది మూత.

ఆ మూత ఎలా పనిచేస్తుందో చెబుతాం. చూడటానికి ఒకటే మూత, కాని అందులో ఒకదాని మీద ఒకటి తొడిగిన రెండు మూతలు ఉంటాయి. లోపలిది డబ్బా మరకు బిగుసుకుని ఉంటుంది. పైది వదులుగా ఉంటుంది. ఊరికే తిప్పితే పైమూత టకటకమంటూ తిరుగుతుందే తప్ప లోపలిది కదలదు. కిందికి నొక్కి, ఆ నొక్కు వదలకుండా తిప్పితేనే పైమూత లోపలి పళ్లు కింది మూత పళ్లలో ఇరుక్కుని రెండూ కలిసి తిరుగుతాయి. ఆ పళ్లు ఒకవైపు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి బిగించేటప్పుడు నొక్కే పని లేదు. ఇంకో రకంలో మూతను రెండు పక్కలా వేళ్లతో నొక్కిపట్టి తిప్పాలి. మరో రకంలో మూత మీది బాణం గుర్తును సీసా మీది గుర్తుకు ఎదురుగా తెచ్చి పైకి లేపాలి.

అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. చిన్నపిల్లలకు నొక్కడం వచ్చు, తిప్పడమూ వచ్చు. ఒకేసారి నొక్కుతూ తిప్పడం మాత్రం వాళ్లకు కష్టం. అంత బలమూ ఆ చిన్న చేతుల్లో ఉండదు. పెద్దవాళ్లకు అది రెండు క్షణాల పని.

అమెరికాలో 1970 డిసెంబరులో ఇందుకోసం ఒక చట్టమే వచ్చింది. ఆస్పిరిన్‌తో మొదలుపెట్టి, డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులకు, ఐరన్ మాత్రలకు, పారాసెటమాల్‌కు ఒక్కొక్కటిగా దాన్ని వర్తింపజేశారు. డాక్టరు చీటీ మందుల విషయంలో 1974 నుంచి 1992 వరకు ఈ మూతల వల్ల దాదాపు 460 మంది పిల్లల ప్రాణాలు దక్కాయని 1996లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

అక్కడ మూతను పరీక్షించే పద్ధతి తెలుసుకోదగినది. నిర్ణయించేది యంత్రం కాదు, పిల్లలే. మూడున్నరేళ్ల నుంచి నాలుగేళ్ల మూడు నెలల మధ్య వయసు పిల్లలను 50 మంది చొప్పున, అవసరమైతే 200 మంది దాకా తీసుకుంటారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, మందు లేని డబ్బాలిచ్చి తెరవమంటారు. 5 నిమిషాలు చూస్తారు. తెరవలేకపోతే ఒక పెద్దమనిషి వాళ్ల కళ్లముందే ఒకసారి తెరిచి చూపిస్తారు. కావాలంటే పళ్లతో కూడా ప్రయత్నించవచ్చని చెప్పి ఇంకో 5 నిమిషాలు ఇస్తారు. చూపించకముందు నూటికి 85 మంది, పది నిమిషాలూ గడిచాక కూడా నూటికి 80 మంది తెరవలేకపోతేనే ఆ మూత నెగ్గినట్టు.

అంటే చూపించాక నూటికి 20 మంది తెరిచినా ఆ మూత నెగ్గినట్టే. అందుకే ఆ మూతకు వాళ్లు పెట్టిన పేరులో పిల్లలు తెరవలేనిది అనే అర్థం లేదు, పిల్లలను అడ్డుకునేది అనే అర్థమే ఉంది. మూత తాళం కాదు. అది మనకు కొన్ని నిమిషాల వ్యవధి ఇస్తుంది. ఆ నిమిషాల్లో పిల్లాడిని చూసి, డబ్బా లాక్కునే పని పెద్దవాళ్లదే.

రెండో పరీక్ష పెద్దవాళ్లకు. మొదట్లో దీనికి 18 నుంచి 45 ఏళ్లవాళ్లను తీసుకునేవారు. అసలు మందులు ఎక్కువగా వాడేది ముసలివాళ్లు. కీళ్ల నొప్పులున్న చేతులు ఆ మూతను తిప్పలేక తెరిచే వదిలేసేవి, లేదా మాత్రలను వేరే డబ్బాలో పోసుకునేవి. పిల్లల కోసం చేసిన మూత పెద్దల చేతిలో తెరిచి ఉంటే దానికి విలువ లేదు. అందుకని 1995లో నియమం మార్చి, 50 నుంచి 70 ఏళ్ల మధ్యవాళ్లలో నూటికి 90 మంది దాన్ని తెరిచి, మళ్లీ సరిగా మూయగలగాలన్నారు. మాకు ఇది చాలా పెద్ద పాఠం. మనవళ్లు మింగేది తరచు దాదీ, నానీల మందులే. ఇద్దరినీ దృష్టిలో పెట్టుకోకుండా చేసే ఏర్పాటు ఇద్దరికీ పనికిరాదు.

ఇక మన సంగతి. మన దేశంలో ఇంటికి తెచ్చుకునే మందులన్నిటికీ ఇలాంటి మూత ఉండి తీరాలనే నియమం లేదు. హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారై అమెరికాకు వెళ్లే మాత్రల డబ్బాలకు ఈ నొక్కి తిప్పే మూతలే బిగిస్తారు. అంటే తయారుచేసే పనితనం మన ఊళ్లోనే ఉంది, మన ఇంటికే రాలేదు. మన దగ్గర ఎక్కువ మాత్రలు స్ట్రిప్పుల్లో వస్తాయి. స్ట్రిప్పులోంచి ఒక్కొక్కటే నొక్కి తీయాలి కాబట్టి కొంత మేలే. కాని మనమేం చేస్తాం? వారానికి సరిపడా మాత్రలు ముందే ఒలిచి తమలపాకుల డబ్బాలోనో, బిస్కట్ల డబ్బాలోనో పోసుకుంటాం. సిరప్ సీసాలకు ఉండే అల్యూమినియం మూతను చూసి అదే భద్రత అనుకుంటాం. ఆ సీలు ముందుగా ఎవరూ తెరవలేదని చెబుతుంది, అంతే. ఒకసారి తెరిచాక ఆ మూత మూడేళ్ల పిల్లాడికి కూడా లొంగుతుంది. గర్భిణులకు ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలు కూడా పిల్లల పొట్టలోకి ఎక్కువగా వెళితే ప్రాణాంతకం. అవి కిటికీలో ఉన్న ఇళ్లు మేము చాలా చూశాం.

ఆ సంఘటన తర్వాత మా విభాగం కొన్ని మార్పులు చేసింది. కాగితం కవర్లు పూర్తిగా మానేశాం. స్ట్రిప్పులో దొరికే మందును స్ట్రిప్పుగానే ఇస్తున్నాం. విడి మాత్రలు తప్పనప్పుడు నొక్కి తిప్పే మూత ఉన్న డబ్బాలో పోసి, పైన మందు పేరు, మోతాదు, ఎన్ని మాత్రలు ఇచ్చామన్నది తెలుగులోనూ ఉర్దూలోనూ రాస్తున్నాం. డాక్టరుకు చూపించాల్సి వస్తే తెలియడానికి మందు పేరు ఇంగ్లిషులో కూడా రాస్తున్నాం. డబ్బా ఇచ్చే ముందు పెద్దవాళ్లచేత అక్కడే తెరిపించి మూయిస్తున్నాం. చేతులు సహకరించనివాళ్లకు మామూలు మూతే ఇస్తాం. అయితే ఆ డబ్బా ఎక్కడ పెడతారో ఇంట్లోవాళ్లను పిలిచి మాట్లాడాకే ఇస్తాం. దాతలు కడిగి పంపిన పాత ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోవడం ఆపేశాం. వాడిన కొద్దీ మర, పళ్లు అరిగి మూత పట్టు తప్పుతుంది. అమెరికాలో కూడా మందుల షాపువాళ్లు ఆ ప్లాస్టిక్ డబ్బాలను మళ్లీ వాడకూడదు. దీనివల్ల మందుల పద్దులో ఖర్చు కొంత పెరిగింది. దాతల సొమ్ము మా చేతిలో అమానత్. ఈ ఖర్చు దుబారా కాదని మీకు చెప్పుకోవడం మా బాధ్యత.

మీ ఇళ్లకు సంబంధించి నాలుగు మాటలు. మూత వేసేటప్పుడు చివరిదాకా బిగించండి, సిరప్ కారి అంచు జిగురుగా ఉంటే తుడిచి వేయండి. మందును మిఠాయి అని చెప్పి పిల్లలకు తాగించకండి. చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ల సంచుల్లో మందులుంటాయని గుర్తుంచుకుని పైన పెట్టించండి. ఫినాయిల్, కిరోసిన్, థిన్నర్ వంటివి కూల్‌డ్రింకు సీసాల్లో పోయకండి.

ఒకవేళ పిల్లాడు ఏదైనా మింగితే, బాగానే ఆడుతున్నాడు కదా అని ఎదురుచూడకండి. గొంతులో వేలు పెట్టి, ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. ముఖ్యంగా కిరోసిన్ తాగినప్పుడు కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి మరింత ప్రమాదం. 108కి ఫోను చేయండి, మింగిన మందు డబ్బానో, స్ట్రిప్పునో చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. డాక్టరు మొదట అడిగేది దాన్నే.

హాలు బయట బల్ల మీద కొన్ని ఖాళీ డబ్బాలు పెట్టాం. వెళ్లేటప్పుడు పెద్దవాళ్లంతా ఒక్కసారి తెరిచి, మూసి చూడండి. తెరవలేకపోతే మొహమాటపడకుండా మాకు చెప్పండి. ఏ రకం మూత కొనాలో మీరు చెప్పినదాన్నిబట్టే వచ్చే నెల నిర్ణయిస్తాం. ఆ దాదీ కూడా ఇవాళ సభకు వచ్చారు. మొదట తెరిచి చూసింది ఆవిడే. రెండోసారికి వచ్చింది.