నొప్పి చెప్పని పాదం



గుంటూరు మిరపకాయ కొరికితే నోరు మండుతుంది. నిజానికి అక్కడ నిప్పు లేదు, నోటిని కాల్చే వేడీ లేదు. మరి ఆ మంట ఎక్కడిది? జవాబు 1997లో కాలిఫోర్నియాలో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందానికి దొరికింది. నొప్పిని తెలిపే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రొటీను తలుపులా పనిచేస్తుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. అప్పుడు సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి చొరబడి నరంలో విద్యుత్ సంకేతం పుట్టిస్తాయి. తలుపు తీసింది నిప్పో మిరపో ఆ సంకేతంలో ఉండదు. నిప్పుకూ కారానికీ తెలుగువాళ్లు ‘మంట’ అనే ఒకే మాట వాడటంలో ఎంత నిజం ఉందో! పక్షుల్లో ఈ తలుపు క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. రామచిలుక పండుమిరపను హాయిగా తినగలిగేది అందుకే. 2021 నోబెల్ బహుమతిని జూలియస్, ఒత్తిడిని పసిగట్టే పియెజో ప్రొటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ పంచుకున్నారు.

నరం పంపే సంకేతానికి చిన్నా పెద్దా లేవు. కేంబ్రిడ్జ్‌లో శాస్త్రవేత్త ఎడ్గర్ ఏడ్రియన్ 1920లలో ఒక్కో నరపు పోగు సంకేతాలను నమోదు చేసి ఈ సంగతి చూపాడు. గట్టిగా నొక్కితే సంకేతం పెరగదు, వెంటవెంటనే వస్తుంది. డప్పు మీద దెబ్బ అదే, దరువే జోరందుకుంటుంది.

చీకట్లో బొటనవేలు గడపకు కొట్టుకున్నప్పుడు తగిలిందన్న సంగతి ముందు తెలుస్తుంది, సలుపు వెనకాల వస్తుంది. స్పర్శను మోసే మైలిన్ తొడుగు పోగులు సెకనుకు 35 నుంచి 75 మీటర్ల వేగంతో కబురు పంపుతాయి. సలుపును మోసే, తొడుగు లేని సన్నని సి పోగుల్లో ఆ కబురు సెకనుకు సుమారు మీటరు చొప్పున పాకుతుంది.

ఆ నొప్పి కబురు అసలే రాకపోతే?

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1946లో చేరిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల మధ్య పనిచేశాడు. ఆయన చెప్పిన సంఘటన ఒకటుంది. తుప్పుపట్టిన తాళం తీయడం ఆయన వల్ల కాలేదు. కుష్ఠు ఉన్న ఒక పిల్లవాడు వచ్చి తాళంచెవి తిప్పి తీసేశాడు. వేలి నుంచి రక్తం కారుతోంది, చర్మం ఎముక దాకా తెగింది. ఆ అబ్బాయికి తెలియనే లేదు. కుష్ఠులో వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో నమ్మేవారు. క్రిమి నరాలను దెబ్బతీస్తే స్పర్శ పోతుందని, తెలియని గాయాలే చేతిని పాడుచేస్తాయని బ్రాండ్ తేల్చాడు. ఆ రోగులకు నిజంగా లేనిది నొప్పి.

ఇప్పుడు అదే నష్టం షుగరు వల్ల జరుగుతోంది. ‘నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియట్లేదు డాక్టరుగారూ’ అని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాటను వయసు మీద తోసేయడం తప్పు. మేకు గుచ్చుకున్నా, వేడినీళ్లకు బొబ్బలెక్కినా ఆ పాదం ఫిర్యాదు చేయదు. పుండు ముదిరి, కాలు తీసేయాల్సిన స్థితి దాకా రావచ్చు.

10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలి స్పర్శను పరీక్షించడానికి కొద్ది నిమిషాలు చాలు. ఈరోజు వైద్య పట్టాలు అందుకుంటున్న యువ డాక్టర్లారా, రేపు మీ ఓపీకి వచ్చే ప్రతి షుగరు రోగినీ చెప్పులు విప్పమనండి. వంగి, వారి పాదాలను మీ చేతుల్లోకి తీసుకుని చూడండి.